విననివాళ్ళకి వీధి చివర

ఆయన గుసగుసలాడితే రెండిళ్ళ అవతల తలుపు తీస్తారు. అలాంటి గొంతుని దేవుడు ఊరికే ఇవ్వడు, ఊరికి ఇస్తాడు. ఈ లెక్క ఆయనకి చిన్నప్పుడే అర్థమై, పెద్దయ్యాక ఒక చిన్న వ్యాను కొని, దాని నెత్తిన రెండు గొట్టాల స్పీకర్లు బిగించి, గొంతుని ఊరి మీదకి వదిలాడు. స్టీరింగు దగ్గర బావమరిది, పక్క సీట్లో మైకు పట్టుకుని ఈయన. రేపు కుళాయి రాదు, ఎల్లుండి కరెంటు ఉండదు, ఫలానా వీధిలో కుక్క తప్పిపోయింది, ఫలానా సందులో పళ్ళ డాక్టరు దొరికాడు. ఏ కబురైనా ఈయన నోట్లోంచి రావాల్సిందే. రావడం మామూలుగా వస్తుందా? "చెప్పుల మీద చెప్పుకోదగ్గ తగ్గింపు, తర్వాత చెప్పలేదనకండి!" అని వస్తుంది. జనం ఆయనకి మైకాసురుడు అని పేరు పెట్టారు. ఆయన దాన్ని బిరుదు అనుకుని వ్యాను వెనక రాయించుకున్నాడు.

ఏ ప్రకటనకైనా చివర్లో ఆయన ముద్ర ఒకటి ఉంటుంది. "విన్నవాళ్ళకి వందనం! విననివాళ్ళకి వీధి చివర మళ్ళీ చెబుతాం!" 'చెబుతాం' దగ్గర గొంతు మేడెక్కి దిగుతుంది. అది దిగేసరికి వ్యాను మలుపు తిరుగుతుంది.

ఇలాంటి మనిషి ఉన్న ఇంట్లో మామూలు మాటలు బతుకుతాయా? ఎప్పుడో చచ్చాయి. ఆయన భార్య ఇంట్లోనే బట్టలు కుడుతుంది. ఆవిడ మిషను తొక్కుతూ తొక్కుతూ, "ముఖ్య గమనిక! తడి తువ్వాలు మంచం మీద పడేసి పారిపోయిన మగమనిషి వెంటనే వచ్చి దాన్ని స్వాధీనం చేసుకోవలసిందిగా కోరుతున్నాం. విన్నవాళ్ళకి వందనం!" అంటుంది. లోపల్నుంచి కూతురు "విననివాళ్ళకి వీధి చివర!" అని అందుకుంటుంది. ఆ కూతురు కాలేజీలో చేరింది గానీ ఇంట్లో ఇంకా చిలకే. అందరూ ఆ పిల్లని అలాగే పిలుస్తారు. వాళ్ళ నాన్న గొంతే కాదు, మైకు మీద వేలితో కొట్టే టుక్కు టుక్కు, మొదలెట్టే ముందు వచ్చే ఉత్తుత్తి దగ్గు, గేరు మార్చినప్పుడు వ్యాను మూలిగే మూలుగు, అన్నీ దించేస్తుంది. ఉప్పు డబ్బా అందుకోవాలన్నా ఆ ఇంట్లో ప్రకటనే. ఏది ప్రకటనో ఏది కాదో తెలిసేది చివరి వందనం వల్లే. వందనం పడిందంటే వేళాకోళం పూర్తయినట్టు. అది ఆ ఇంటి ఫుల్‌స్టాప్.

ఇలా ఉండగా ఒకరోజు ఆరోగ్య కార్యాలయం నుంచి ఒక మేడమ్ వచ్చింది. దగ్గర్లో ఒక హాస్టల్లో ఒకరికి మెనింజైటిస్ వచ్చిందట. అంటే మెదడుని చుట్టుకుని ఉండే పొరలకి వచ్చే వాపు. దాని గుర్తులు ఊరందరికీ తెలియాలి. చదవాల్సిన కాగితం చేతికిచ్చి, "ఉన్నది ఉన్నట్టు చదవండి చాలు" అంది.

"ఉన్నది ఉన్నట్టు చదివితే ఉన్నవాళ్ళు ఉన్నట్టే ఉండిపోతారు మేడమ్. కాస్త ఉప్పూ కారం తగలాలి."

"జబ్బుకి ఉప్పూ కారం ఎందుకండీ? గుర్తులు గుర్తుంటే చాలు."

"గుర్తులు గుర్తుండాలంటే ముందు జనం నవ్వాలి. ఆ నవ్వు పూచీ నాది."

మేడమ్ ఆ గొంతుతో వాదించే ఓపిక లేక వెళ్ళిపోయింది.

రికార్డింగు ఎప్పట్లాగే బట్టల అలమరలో జరిగింది. బయటి చప్పుళ్ళు పడకుండా, కుట్టిన బట్టలకీ కుట్టాల్సిన బట్టలకీ మధ్య తల దూర్చి ఆయన మాట్లాడతాడు. చిలక మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని వింటుంది.

"నాన్నా, 'మెడ' దగ్గర నీ ఊపిరి వినిపిస్తోంది. ఇంకో టేక్."

"ఊపిరి ఉన్నవాణ్ణి, వినిపించదా?"

"నీ ఊపిరి వింటే జనానికి ఊపిరాడదు. ఇంకో టేక్."

అలా టేకుల మీద టేకులు తిని, చివరికి తయారైంది ఇది:

"మెనింజైటిస్! మెదడు పొరల వాపు! ఉన్నట్టుండి జ్వరం, తల పగిలిపోయే నొప్పి, వాంతులు. వెలుతురు చూడలేకపోవడం. ఒకరి వెలుగు ఒకరు చూడలేకపోవడం మామూలే, కిటికీ వెలుగు చూడలేకపోతే మామూలు కాదు! మెడ వంగకపోవడం. మెడ వంగకపోతే అల్లుడికైతే పొగరు, జ్వరంలో అయితే జబ్బు! మత్తు, తికమక మాటలు, చల్లబడిన కాళ్ళూ చేతులూ. ఒంటి మీద మచ్చలు రావచ్చు, గాజు గ్లాసుతో నొక్కి చూసినా చెరగకపోవచ్చు. అయితే మచ్చల కోసం ఎదురు చూడకండి. అన్నీ ఒకేసారి రావాలని కూడా లేదు. గంటల్లో ప్రాణం మీదకి తెస్తుంది. పొరకి వాపు, పొరపాటున కూడా ఆగొద్దు, ఆసుపత్రికి పరిగెత్తండి! కొన్ని రకాలకి టీకా ఉంది, అడగండి! విన్నవాళ్ళకి వందనం! విననివాళ్ళకి వీధి చివర మళ్ళీ చెబుతాం!"

ఊరు పడీ పడీ నవ్వింది. వ్యాను 'మెడ వంగకపోతే' అనగానే రోడ్డు పక్క టీ తాగేవాళ్ళు "అల్లుడికైతే పొగరు!" అని కోరస్ అందుకునేవారు. ఆ తర్వాత వచ్చే మత్తూ మచ్చలూ ఆ నవ్వులో కొట్టుకుపోయేవి. ఈయన మాత్రం మీసం మీద చెయ్యేసుకుని, "చూశావా బామ్మర్దీ, జబ్బుని కూడా జనరంజకం చేశాను" అనేవాడు.

"జబ్బే నయం బావా, ఒక్కసారి వచ్చి పోతుంది. నువ్వు రోజూ వస్తావు" అనేవాడు బామ్మర్ది.

ఇక ఇంట్లో చెప్పేదేముంది! దీపం వేస్తే "వెలుగు చూడలేను", కింద పడ్డ సూది తియ్యమంటే "మెడ వంగదు", కూర రెండోసారి వడ్డించబోతే "వాంతులు!" ప్రతిదానికీ వెనకాల వందనం.

సెలవు రోజు పొద్దున. ముందురోజు సాయంత్రం చిలక ఒళ్ళు నొప్పులంటూ వచ్చి పడుకుంది. జ్వరం తగిలింది, మాత్ర వేసుకుంది. పొద్దున ఇంకా లేవలేదు. ముందు గదిలో తల్లి మిషను ముందు కూర్చుని ఎవరిదో జాకెట్టుకి చేతులు అతికిస్తోంది. మైకాసురుడు టీ కప్పుతో గుమ్మానికి ఆనుకుని ఉన్నాడు. బామ్మర్ది వ్యాను తాళాలు వేలికి తగిలించి గిరగిరా తిప్పుతున్నాడు.

లోపలి గదిలోంచి గొంతు వచ్చింది. "అమ్మా... ఆ కిటికీ వెయ్యి. వెలుతురు గుచ్చుతోంది."

"ఒకరి వెలుగు ఒకరు చూడలేకపోవడం మామూలే!" అని ఇక్కణ్ణుంచి తండ్రి.

మిషను ఆగి, నవ్వి, మళ్ళీ నడిచింది.

"తల పగిలిపోతోందమ్మా. మెడ... మెడ వంగట్లేదు."

"అల్లుడికైతే పొగరు!" అన్నాడు మేనమామ. "ముందు అల్లుణ్ణి వెతకనీ చిలకా, ఆ తర్వాత ఎవరి మెడ ఎవరు వంచుతారో చూద్దాం."

ముగ్గురూ నవ్వారు. నవ్వి, అలవాటు కొద్దీ ఆగారు. వందనం రావాలి కదా. తండ్రి టీ కప్పు నోటి దగ్గరికి తీసుకెళ్ళి, అక్కడే ఉంచి, చెవి అటు పడేశాడు.

రాలేదు.

"వందనం ఏదమ్మా?" అని అరిచాడు.

ఏమీ లేదు. కిటికీ రెక్క గాలికి కొట్టుకుంది.

"నిద్ర పట్టినట్టుంది, అరవకండి" అంది భార్య. "నేను చూసుకుంటాలెండి, మీరు వెళ్ళండి."

వెళ్ళాడు. సీట్లో కూర్చున్నాడు. కాలు మీద కాలు వేసుకున్నాడు, తీసేశాడు. అద్దం దించాడు, ఎత్తాడు. వ్యాను కదిలింది, పైన స్పీకరు మొదలెట్టింది. తాళం తిప్పగానే యాంప్లిఫయరు కూడా వెలిగేలా బామ్మర్ది ఎప్పుడో తీగ కలిపి పెట్టాడు. అదొక సౌకర్యం. "మెనింజైటిస్! మెదడు పొరల వాపు!" అంటూ తన గొంతే తన నెత్తి మీద నుంచి పడుతోంది.

"వందనం చెప్పలేదురా."

"ఎవరు?"

"చిలక."

"నిద్రలో ఎవరైనా వందనాలు పెడతారా బావా?"

"అది పెడుతుంది. చిన్నప్పుడు పన్ను పీకించుకుని, నోట్లో దూది పెట్టుకుని మరీ పెట్టింది."

పైన స్పీకరు: "వెలుతురు చూడలేకపోవడం..." చెప్పులు కుట్టే ఆయన తలెత్తి నవ్వాడు. "మెడ వంగకపోవడం..." ఇద్దరు సైకిళ్ళవాళ్ళు కోరస్ ఇచ్చారు. మైకాసురుడు నవ్వలేదు. ఒళ్ళో చేతులు ఉండనంటున్నాయి. తీగ చుట్టాడు, విప్పాడు, మళ్ళీ చుట్టాడు. ఫోను తీశాడు.

అవతల మిషను టకటకలాడుతోంది. "ఏంటండీ?"

"చిలక ఏం చేస్తోంది?"

"పడుకుంది. ఒకసారి వాంతి చేసుకుంది. మాత్ర పడలేదనుకుంటా."

"దాన్ని లేపి, గడ్డం ఛాతీకి ఆనించమను."

అవతల కిలకిలా నవ్వు. "అల్లుడికైతే పొగరు, జ్వరంలో..."

"నవ్వకే! నిజంగా అడుగుతున్నా."

"'నిజంగా అడుగుతున్నా, మీకు పన్ను మీద పన్ను ఎందుకు?' పళ్ళ డాక్టరు ప్రకటనేగా అది! మీరు ఊళ్ళో వాగింది చాలక ఫోన్లో కూడా నాకు వినిపించాలా? సాయంత్రానికి ఈ జాకెట్లు ఇవ్వాలి. పెట్టేస్తున్నా."

"ఒసేయ్, ఒట్టు!"

"'ఒట్టి మాట కాదు, ఒట్టు!' ఇది పరుపులవాళ్ళది" అని పెట్టేసింది.

ఫోను పట్టుకుని కూర్చుండిపోయాడు. తన దగ్గరున్న మాటలన్నీ ఒక్కొక్కటే తడిమి చూసుకున్నాడు. నిజంగా, ఒట్టు, ప్రమాదం, వెంటనే, దయచేసి. ప్రతిదాన్నీ ఎప్పుడో ఎవరికో అద్దెకిచ్చేశాడు. సొంతానికి ఒక్కటీ మిగల్లేదు.

"తిప్పరా."

"ఎటు?"

"ఇంటికి! తిప్పు!"

బామ్మర్ది బావ మొహం చూసి, ఇంకేమీ అడక్కుండా ఇరుకు సందులో వ్యానుని వెనక్కి తిప్పాడు.

చిలక గోడ వైపు తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని పడుకుని ఉంది. తండ్రి మంచం మీద కూర్చుని నుదురు ముట్టుకున్నాడు, కాలిపోతోంది. చేతులు పట్టుకున్నాడు, ఐసుగడ్డలు. తల కింద చెయ్యి పెట్టి కొంచెం లేపబోతే మెడతోపాటు వీపంతా కర్రలా లేచింది. ఆ పిల్ల మూలిగింది. కళ్ళు సగం తెరిచి, "నాన్నా... ఇంకో టేక్ తియ్యాలా?" అంది.

గుమ్మంలో నిలబడ్డ తల్లి చేతిలోంచి కత్తెర జారి పడింది.

"గాజు గ్లాసేదక్కా?" అని బామ్మర్ది వంటింట్లోకి దూరాడు. "కాలి మీద ఏవో చుక్కల్లా ఉన్నాయి, నొక్కి చూడాలి. అన్నీ స్టీలే ఉన్నాయేంటి ఇంట్లో? గాజు! గాజు!"

"వదిలెయ్యరా గ్లాసు!" అన్నాడు మైకాసురుడు. "మచ్చల కోసం ఎదురు చూడకండి అని ఊరంతా అరిచింది నేనే కదా. ఎత్తు పిల్లని!"

వ్యాను వెనక తీగల చుట్టల మధ్య పరుపు వేసి పడుకోబెట్టారు. వెలుతురు తగలకుండా, కుట్టడానికి వచ్చిన గుడ్డ ఒకటి తల్లి ఆ పిల్ల మొహానికి అడ్డం పట్టుకుంది. బామ్మర్ది తాళం తిప్పాడు. సౌకర్యం తన పని తను చేసింది.

"మెనింజైటిస్! మెదడు పొరల వాపు! ఉన్నట్టుండి జ్వరం..."

"ఆపరా దాన్ని!"

"ఆపితే బండీ ఆగుతుంది బావా, ఒకటే తీగ!"

పైన జబ్బు గుర్తులు, కింద గుర్తుల జబ్బు. ఆ గొంతు కిందే ఆ పిల్ల తల అటూ ఇటూ కొట్టుకుంటూ ఉంది.

ఆసుపత్రికి వెళ్ళాలంటే సంతవీధి దాటాలి. సెలవు రోజు, ఇసకేస్తే రాలని జనం. బండ్లూ బుట్టలూ రోడ్డు మధ్యకి వచ్చేశాయి. బామ్మర్ది హారను మీద చెయ్యి తియ్యడం లేదు. ఈయనకి మీట అప్పుడు గుర్తొచ్చి, రికార్డింగు గొంతు తగ్గించి, మైకు అందుకున్నాడు.

"దారి! దారి ఇవ్వండి! మా అమ్మాయికి బాగోలేదు! మెనింజైటిస్! ఆసుపత్రికి వెళ్ళాలి!"

పళ్ళ బండివాడు పక్కవాడి భుజం చరిచాడు. "ఇవాళ కొత్తది తెచ్చాడురా! నాటకంలా కట్టాడు!"

"నాటకం కాదు! నిజంగా!"

"నిజంగా అడుగుతున్నా, పన్ను మీద పన్ను ఎందుకు?" అని ఎవరో అందుకున్నారు. వీధి గొల్లుమంది.

"అల్లుణ్ణి కూడా ఎక్కించుకున్నావా మైకాసురా?"

ఆయన ఇంకా గట్టిగా అరిచాడు. అరిచినకొద్దీ అది ఇంకా బాగా వచ్చింది. అదీ దరిద్రం! ఏడుపు గొంతులోకి వచ్చేలోపలే అలవాటు దాన్ని పట్టుకుని, నున్నగా చేసి, మేడెక్కించి దింపుతోంది. బిడ్డ కోసం బతిమాలుతుంటే కూడా చెప్పుల తగ్గింపులాగే వినపడుతోంది. జనం జరగడం మానేసి దగ్గరికి వచ్చారు, బాగా వినడానికి.

వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి మైకు లాక్కుంది. భార్య చెయ్యి. ఇన్నేళ్ళలో ఆవిడ ఆ మైకు ముట్టుకోలేదు. ఎక్కడ పట్టుకోవాలో తెలియక తలకాయ దగ్గర పట్టుకుంది. స్పీకరు కీచుమంది. ఆ తర్వాత గొట్టాల్లోంచి ఊరు ఎప్పుడూ వినని సన్నటి గొంతు, దారం పురి విడుతున్నట్టు వచ్చింది.

"నేను... నేను ఈయన భార్యనండీ. బట్టలు కుడతాను. నా కూతురు లోపలుంది. పిలిస్తే పలకట్లేదు. జరగండి."

వీధిలో నవ్వు తెగిపోయింది. పళ్ళ బండివాడు వ్యాను వెనక అద్దంలోంచి ఒక్కసారి తొంగి చూశాడు. మరుక్షణం తన బండిని తనే తోసేశాడు, పళ్ళు దొర్లిపోతున్నా ఆగలేదు. "జరగండ్రా! నిజమేరా! జరగండి!" బుట్టలు లేచాయి, సైకిళ్ళు గోడెక్కాయి. పూసలమ్మే ఒకావిడ, పూసలు ఒలికిపోతున్నా, కింద పరిచిన గుడ్డని కాళ్ళతో లాగేసుకుంది. సంతవీధి నడిమధ్య పాపిడి తీసినట్టు దారి పడింది. వ్యాను ఆ దారిలో దూసుకుపోయింది.

అత్యవసర విభాగంలో డాక్టరమ్మ వచ్చేసరికి మైకాసురుడు మొదలెట్టాడు. "ఉన్నట్టుండి జ్వరం, తల పగిలిపోయే నొప్పి, వాంతులు, వెలుతురు..."

"ప్రకటన వద్దండీ. మీ అమ్మాయికి ఏం జరిగిందో అది చెప్పండి."

ఆయన నోరు మూసుకున్నాడు. "నిన్న సాయంత్రం పడుకుంది" అన్నాడు, మామూలు మనిషిలా, పక్కవాడికి కూడా సరిగ్గా వినపడనంత చిన్నగా. "పొద్దున మెడ వంగట్లేదంది. మేం నవ్వాం."

డాక్టరమ్మ నవ్వలేదు, తిట్టలేదు కూడా. అప్పటికే ఆవిడ వేళ్ళు పిల్ల మెడ కింద ఉన్నాయి. నర్సుకి గబగబా ఏదో చెప్పింది. సూదులు, సీసాలు, చక్రాల మంచం, తలుపు. రక్తం తీశారు, మందు అప్పటికప్పుడే ఎక్కించడం మొదలెట్టారు. తర్వాత నడుం దగ్గర వెన్నులోంచి నీరు తీసి పరీక్షకి పంపారు. ఫలితం వచ్చేదాకా మందు ఆపితే ప్రాణం ఆగదని నర్సు చెప్పింది.

బయట వసారా. గోడ మీద 'నిశ్శబ్దం' అని పెద్ద అక్షరాల బోర్డు. మైకాసురుడు దాని కింద ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగాడు. కూర్చున్నాడు, లేచాడు. నీళ్ళ దగ్గరికి వెళ్ళి తాగకుండానే వచ్చాడు. ప్రతి తలుపు చప్పుడుకీ ముగ్గురూ ఒకేసారి లేచేవాళ్ళు, ఒకేసారి కూలబడేవాళ్ళు. భార్య వేళ్ళు ఒళ్ళో ఏదో లేని గుడ్డ కుడుతున్నట్టు కదులుతూనే ఉన్నాయి.

"నేను మాత్ర పడలేదనుకున్నా" అంది ఆవిడ.

"నేను వందనం కోసం చూస్తూ కూర్చున్నా" అన్నాడు ఆయన.

"నేను అల్లుడన్నా" అన్నాడు బామ్మర్ది.

డాక్టరమ్మ వచ్చి, "మెనింజైటిసే" అంది. ఆ మాటని ఆయన ఊరంతా లెక్కలేనన్ని సార్లు పలికాడు. వినడం మాత్రం అదే మొదటిసారి. "ఈ రకం చాలా తొందరగా పాకుతుంది. ఇంకాస్త ఆగి ఉంటే నేనిలా నిలబడి మాట్లాడేదాన్ని కాదు. ఇప్పుడే ఏమీ చెప్పలేను, కానీ మందు సమయానికి పడింది. మీరు ముగ్గురూ దగ్గరగా తిరిగారు కాబట్టి మీకూ ముందుజాగ్రత్త మందు ఇస్తాం, ఇవాళే వేసుకోండి."

"నేను నిన్న అది తాగి వదిలేసిన కూల్‌డ్రింకు తాగానండీ" అన్నాడు బామ్మర్ది, బళ్ళో పిల్లాడిలా చెయ్యెత్తి.

"అయితే మీరు ముందు వేసుకోండి."

చిలక కళ్ళు తెరవడానికి కొన్నాళ్ళు పట్టింది. తెరిచాక మొదట నీళ్ళడిగింది. తర్వాత, ముఖం మీద వేసిన ఆ గుడ్డ ఎవరి జాకెట్టుదని అడిగింది. తల్లి నవ్వుతూ ఏడ్చింది, లేదా ఏడుస్తూ నవ్వింది, కుట్టు ఎటు నుంచి మొదలైందో తెలియలేదు.

తండ్రి మంచానికి ఎడమవైపు స్టూలు వేసుకుని, గొంతు బాగా తగ్గించి, ఊరి కబుర్లు చెప్పడం మొదలెట్టాడు. పళ్ళ బండివాడు పళ్ళు పంపాడనీ, పళ్ళ డాక్టరు పలకరించి వెళ్ళాడనీ, ఇద్దరికీ పళ్ళే పెట్టుబడి అనీ. ఆ పిల్ల కిటికీ వైపే చూస్తోంది. ఉలుకూ లేదు పలుకూ లేదు. కోపం కాబోలు, ఉండాల్సిందే అనుకున్నాడు. లేచి, నీళ్ళ సీసా కోసం కుడివైపుకి వచ్చి, తనలో తనే "ఈ మూతకి కూడా మెడ తిరగడం లేదు" అని గొణుక్కున్నాడు.

"అటు కాదు నాన్నా, ఇటు తిప్పు" అంది చిలక.

ఆయన మూత తిప్పడం ఆపాడు. మెల్లగా మళ్ళీ ఎడమవైపుకి వచ్చాడు. "చిలకా" అన్నాడు. లేదు. కొంచెం గట్టిగా, "చిలకా." లేదు. అక్కడే నిలబడి, ఊళ్ళో అందరికీ వినపడే ఆ గొంతుని చేత్తో మూసుకుని, వసారాలోకి వెళ్ళాడు.

పరీక్షలు చేసి డాక్టరమ్మ చెప్పింది. ఈ జబ్బు తగ్గాక కూడా కొందరికి వినికిడి పోతుంది. ఎడమ చెవిలో దాదాపు ఏమీ మిగల్లేదు, కుడిది బాగుంది. మళ్ళీ మళ్ళీ చూపించుకోవాలి. "ప్రాణం దక్కింది" అని కూడా అంది. ఆ మాట ఆయన రెండు చెవుల్తోనూ విన్నాడు.

ఇంటికొచ్చాక మేడమ్ ఫోను చేసింది. ప్రకటన కొత్తగా చెయ్యాలట. సంతవీధిలో జరిగింది ఆవిడ దాకా వెళ్ళింది. "ఈసారి మీ గొంతు వద్దండీ" అంది మొహమాటపడుతూ.

"నేనూ అదే చెబుదామనుకుంటున్నా మేడమ్" అన్నాడు ఆయన.

అలమర తలుపులు తెరిచారు. బట్టల మధ్యలో ఈసారి తల్లి తల. చిలక మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, హెడ్‌ఫోను కుడి చెవికే తగిలించుకుంది, ఎడమది బుగ్గ మీదకి వేలాడుతోంది. బామ్మర్ది గుమ్మంలో, నోరెత్తనని మాటిచ్చాకే రానిచ్చారు. మైకాసురుడు మంచానికి ఎడమ పక్కన నేల మీద కూర్చున్నాడు, చేతులకి పని లేక మోకాళ్ళు పట్టుకుని.

"నా కూతురికి జ్వరం వచ్చింది" అంటోంది అలమర. "వెలుతురు గుచ్చుతోంది, కిటికీ వెయ్యమంది. మెడ వంగట్లేదంది. ఒకసారి వాంతి చేసుకుంది. చేతులు చల్లగా అయిపోయాయి. మేం ఇంకాసేపు చూద్దాం అనుకున్నాం. మీరు అనుకోకండి. ఒంటి మీద మచ్చలు వచ్చేదాకా ఆగకండి. దాన్ని మెనింజైటిస్ అంటారు. గంటల్లోనే ప్రాణం తీస్తుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. టీకాలున్నాయి, పిల్లలకి వేయించండి."

అల్లుడు లేడు. పొరపాటు లేదు. ఊపిరి రెండు చోట్ల వినిపించింది, చిలక ఇంకో టేక్ అడగలేదు.

"ఇంకేం చెప్పనే?" అంది తల్లి తల బయటికి పెట్టి.

మైకాసురుడు గొంతు సవరించుకున్నాడు. "చివర్లో... నా వందనం ఒక్కటీ ఉంచుతారా?" అన్నాడు, అడగొచ్చో లేదో తెలియనట్టు.

చిలక స్క్రీను మీద నుంచి తల తిప్పలేదు. తల్లి, మేనమామ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆయన ఇంకోసారి అడగబోయి, ఆ వేలాడే హెడ్‌ఫోను చూసి ఆగిపోయాడు.

"అమ్మా" అంది చిలక, గుమ్మం వైపు ఓసారి చూసి, గొంతులో వాళ్ళ నాన్న ఉత్తుత్తి దగ్గు దగ్గి. "మావయ్య మొహం చూస్తే, ఎడమ పక్క ఎవరో ఏదో మనవి చేసుకున్నట్టున్నారు. ముఖ్య గమనిక! ఈ చెవి విననిదైంది. విననివాళ్ళకి ఎక్కడ చెప్పాలో ఆ మనిషికి తెలుసు."

మైకాసురుడు లేచాడు. మంచం చివరి దాకా నడిచాడు, మలుపు తిరిగాడు. కుడివైపుకి వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, హెడ్‌ఫోను కొంచెం జరిపి, ఆ చెవి దగ్గర నోరు పెట్టి, మళ్ళీ చెప్పాడు. ఏం చెప్పాడో గుమ్మంలో ఉన్న బామ్మర్దికి కూడా వినపడలేదు.